ఏనుగు ముందు వెదురు

మా బడి గోడ మీద బొమ్మలు వేయడానికి ఫగనీబాయి వచ్చింది రెండువేల మూడు వేసవిలో. నేను అప్పుడు తొమ్మిదో తరగతి పాసై సెలవుల్లో ఉన్నాను. అడవి జంతువుల గురించి బళ్లలో చెప్పి తిరిగే మదనపల్లె సంస్థ ఒకటి ఆమెను మధ్యప్రదేశ్‌లోని ఒక గోండు పల్లె నుంచి పిలిపించింది. మదనపల్లెలో ఒక గోడ, పుంగనూరులో ఒక గోడ అయ్యాయి. మాది కుప్పానికి అవతల, అడవిని ఆనుకున్న ఊరు కాబట్టి మూడో గోడ మాకు వచ్చింది. మా తరువాత ఆమె బి.కొత్తకోట పోవాలి.

సంస్థలో పనిచేసే ఉమాశంకర్ ఆమెను బస్సులో తీసుకొచ్చి, రంగు డబ్బాలు బడి వరండాలో పెట్టించి, మా ఊరి పెద్ద ఈశ్వరప్పకు అప్పజెప్పాడు.

"ఆమెకు తెలుగు రాదప్పా. హిందీ వచ్చినోళ్లు ఎవురన్నా ఉండారా ఊర్లో?" అని అడిగాడు.

"గోవిందప్ప కూతురు నీరజ ఉండాది కదా. హిందీలో దానికే ఫస్టు మార్కులంట," అన్నాడు ఈశ్వరప్ప. "కాకపోతే అది తెలుగులోనే మాట్లాడదు. హిందీలో ఏం మాట్లాడతాదో సూడాల."

అక్కడున్నవాళ్లు నవ్వారు. అది నిజమే కాబట్టి నేను తల వంచుకుని నిలబడ్డాను. నేను మాట్లాడేది మా అవ్వతోనే. అవ్వ పేరు బయ్యమ్మ, మా నాయనకు తల్లి. చిన్నప్పటి నుంచి ఇద్దరం ఒకే చాప మీద పడుకుంటాం. అవ్వతో కూడా చెప్పలేనివి డైరీలో రాసుకుంటాను. అవి తక్కువే.

నాకు వచ్చిన హిందీ పరీక్షల హిందీ. ఫగనీబాయి మాట్లాడేది ఆ హిందీ కాదు. మొదట్లో ఇద్దరం చేతులతోనే పని జరుపుకున్నాం. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. మోచేతుల దాకా పచ్చబొట్లు. మా అవ్వకూ అంతే. వచ్చిన రోజే మా ఇంటి వాకిట్లో వాళ్లిద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని తిప్పి తిప్పి చూసుకున్నారు. ఆమె అవ్వ చేతి మీది తేలు బొమ్మను వేలితో తడిమి తల ఊపింది. అవ్వ ఆమెకు సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. రోజూ మధ్యాహ్నం తిండి మా ఇంట్లోనే అని అట్లా ఖాయమైంది.

బడి పక్క గోడ వీధి పొడుగునా ఉంటుంది. గోడ ఎడమ కొసకు వస్తే, సందు దాటి ఎదురుగా ఉండేది మా ఇంటి వాకిలి. గంగమ్మ జాతర దగ్గర పడుతోందని గోడకు అప్పుడే సున్నం కొట్టారు. ఫగనీబాయి కుడి కొసన మొదలుపెట్టింది. బొగ్గుతో ఒక్క గీతలో, చేయి ఎత్తకుండా, ఒక జింకను గీసింది. జింక కొమ్ములు పైకి పోతూ పోతూ చెట్టయ్యాయి. చెట్టు కొమ్మల్లో పిట్టలు. పిట్టల తోకలు ఆకులైపోయాయి. జింక వెనక్కి తిరిగి చూస్తుంటే దాని వెనక పులి పడుకుని ఉంది. పులికి కోపం లేదు. దాని చారల మధ్య చిన్న చిన్న చేపలు ఈదుతున్నాయి. అడవి పంది, ముళ్ల పంది, నెమలి, నెమలి కాలి కింద పాము, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఎడమ తట్టుకు నడుస్తున్నాయి.

ఊరివాళ్లు బీడీలు కాల్చుకుంటూ చూసేవాళ్లు.

"జింక నెత్తిన చెట్టు మొలిచిందే, నీళ్లెవురు పోస్తారు?" అన్నాడు ఈశ్వరప్ప.

"పులి కడుపులో చాపలుండాయి కదా, ఆడనే గుంట ఉంటాది," అన్నాడు మా నాయన.

వాళ్లు ఏమంటున్నారని ఫగనీబాయి అడిగింది. బాగున్నాయంటున్నారని చెప్పాను.

బొమ్మ గీయడం తొందరగా అయిపోతుంది. నింపడమే పని. ఒంటి మీద ఒక్క చోటు కూడా ఖాళీ వదలకూడదు, గీతలు, చుక్కలు, చిన్న చిన్న వంపులతో నింపాలి. వాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో నింపుడు ఉంటుందట. ఆమెది దుక్కి చాలు, చాల్లో గింజలు. ఆమె చెల్లెలిది చేప పొలుసు. దూరం నుంచి చూసినా ఫలానా వాళ్ల చేయి అని తెలిసిపోతుందట.

"మరి నీది ఏది, బేటీ?" అని అడిగింది.

నాకేమీ లేదన్నాను. ఆమె మా వాకిట్లో నేను వేసిన ముగ్గును చూపించింది. చుక్క చుట్టూ తిరిగి వచ్చే మెలిక ముగ్గు అది. ఒక కుందేలును గీసి, సన్న కుంచె నా చేతికిచ్చి, ఆమె పక్కకు పోయింది. కుందేలును నేను మెలికలతో నింపాను. అది ఇప్పటికీ ఉంది. చెవుల దగ్గర మెలిక కుదరలేదు.

చివరికి ఏనుగు మిగిలింది. అన్నిటికన్నా పెద్దది కాబట్టి అది ముందు నడవాలని ఆమె లెక్క. గోడ ఎడమ కొసకు కొంచెం ఇవతల, నిలువెత్తు ఏనుగును గీసింది. వీపు మీద కొంగలు, కాళ్ల మధ్య పిల్ల ఏనుగు. తొండం ముందుకు చాచి ఉంది. తొండం ముందు తెల్లటి సున్నం గోడ, ఆ తరువాత సందు, సందు దాటితే మా గడప.

ఆమె దాన్ని రోజుకు కొంత కొంత నింపుకుంటూ పోయింది. ఆ రోజుల్లోనే అవ్వ పెరటి తలుపు వాడడం మొదలుపెట్టింది. పెరటి తట్టు పశువుల కొట్టం. అందులోంచి దూరి, పేడకుప్ప పక్కగా చుట్టు తిరిగి వీధిలోకి వచ్చేది. నీళ్లకు పోయినా అట్లే, అంగడికి పోయినా అట్లే. అవ్వ పాలు పితకడానికి వచ్చిందనుకుని ఆవు ప్రతిసారీ లేచి నిలబడేది. అమ్మ దాన్ని చూసి నవ్వింది. మా నాయన గమనించనే లేదు.

ఒక రోజు అన్నం తింటూ అవ్వ, "గోవిందూ, నేను పుంగనూరుకు పోతాండాను. ఇందిర ఇంట్లో ఉంటా," అంది. ఇందిరమ్మ మా మేనత్త.

"పోయి రా. జాతరకు వచ్చేస్తావు కదా?"

"మంగళవారం చాటింపు. దానికి ముందే పోతా. వచ్చేది ఇంక సూస్తాం."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. గంగమ్మకు మా ఇంటి అంబలి కుండ ఎత్తేది ఎప్పుడూ అవ్వే. చాటింపు అంటే డప్పు వేసుకుంటూ పొలిమేర చుట్టి రావడం. అది అయ్యాక ఊరివాళ్లెవరూ జాతర ముగిసేదాకా పొలిమేర దాటి బయట పడుకోకూడదు. బయటివాళ్లు ఊళ్లో ఉండకూడదు. అందుకే ఫగనీబాయి కూడా మంగళవారం సాయంత్రం బస్సుకు పోవాలి. అదే బస్సులో పుంగనూరు దాకా ఆమెతో కలిసి పోతానని అవ్వ అంది.

"ముసలామెకు కూతురి మీద మనసు పోయింది. పోనీలే," అన్నాడు నాయన.

నాకు అట్లా అనిపించలేదు. అవ్వ పోతే తిరిగి రాదని నాకు తెలిసింది.

మా తాత మల్లప్ప చనిపోయి అప్పటికి ఏడాది దాటింది. రాగి కోతల కాలంలో చేలో మంచె మీద కాపలా ఉండేవాడు. ఒక తెల్లవారుజామున ఏనుగుల మంద చేలోంచి వెళ్లిపోయింది. అడుగులు అడవి తట్టుకు ఉన్నాయి. ఇంక భయం లేదని తాత మంచె దిగి ఇంటికి బయలుదేరాడు. ఒక ఏనుగు వెనకబడి చేను పక్కన వాగు వంకలో ఉండిపోయిందని ఆయనకు తెలియదు. ఆ రోజు తలుపు తీసి తాతకోసం ఎదురు చూస్తూ నిలబడింది అవ్వే. మోసుకొచ్చినవాళ్లను ముందు చూసిందీ అవ్వే.

అవ్వ కొట్టంలో పేడ తీస్తుంటే పోయి పక్కన నిలబడ్డాను.

"యాలవ్వా పెరటి తట్టు తిరుగుతాండావు?"

"ఈడ పని ఉండాది కదా."

"ఏనుగును చూసేనా?"

అవ్వ తట్ట కింద పెట్టింది. "పొద్దున్నే తలుపు తీస్తే తొండం మొగం మీదికి వస్తాండాదే. నేనేం చేసేది?"

"తిప్పి వేయమని చెప్తా. మొగం అడివి తట్టుకు పెట్టి వేస్తాది."

"అడివి తట్టుకు తిరిగి పోయిందనే కదమే మీ తాత మంచె దిగింది," అంది అవ్వ. మళ్లీ తట్ట తీసుకుంది. "నువ్వు గమ్మునుండు. బడి గోడ అందరిదీ. ఆమె పని ఆమె చేసుకోనీ."

ఆ పూట పిల్ల ఏనుగు కాళ్లు నింపుతూ హిందీలో ఒక వాక్యం కట్టుకున్నాను. చంపడం అనే మాట మా పాఠాల్లో ఎప్పుడూ రాలేదు. చివరికి తాత, ఏనుగు అని రెండు మాటలు చెప్పి, చేతిని నేల మీద వెల్లకిలా పెట్టాను. మా వాకిలిని చూపించి, అవ్వ అన్నాను. మూట కట్టినట్టు చూపించి, పుంగనూరు అన్నాను.

ఫగనీబాయి కుంచె కడిగి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని, మా ఇంటి ముందు వాకిలికి కాకుండా చుట్టు తిరిగి పెరట్లోకి పోయింది. అవ్వ కూడా అటే వస్తోందని ఆమె ఎప్పుడో చూసినట్టుంది. నేను వెనకే పోయాను. ఆమె అవ్వ ఎదురుగా కింద కూర్చుని, నన్ను చెప్పమని సైగ చేసి, మెల్లగా, నాకు అర్థమయ్యేలాగా మాట్లాడింది.

"వాళ్ల ఊర్లో పులి పట్టుకుపోయిన మనిషికి పొలిమేరలో రాయి పెడతారంటవ్వా. అడివికి పోయేవాళ్లు దానికి మొక్కి పోతారంట. బొమ్మ బాగా వేస్తే జంతువుకు కోపం తగ్గుతాదంట," అన్నాను.

అవ్వ విని, "వాళ్ల పులికి కోపం వస్తాదేమో. మా ఈడ ఏనుగకు కోపం లేదు, పాపా. ఆకలి. కోపమైతే బొమ్మతో తగ్గుతాది. ఆకలి ఎట్లా తగ్గుతాది? అట్నే చెప్పు ఆమెకు," అంది.

చెప్పాను. రాగులు లేని రోజుల్లో ఏనుగు ఏం తినేదని ఫగనీబాయి అడిగింది.

"రాగులు లేని రోజులా," అంది అవ్వ. "నేను కాపురానికొచ్చినప్పుడు ఆ వంక పొడుగునా వెదురే. పగలు కూడా చీకటిగా ఉండేది. లారీలకెత్తి నరుక్కునిపోయిరి. మిగిలింది పూత పూసి ఎండిపాయె. ఎండిన తావంతా మేమే దున్ని చేను చేసినాం. మీ తాతే దున్నినాడు." కొంచెం ఆగి, తనలో తాను అన్నట్టు, "ముందర మేత ఉంటే ఏనుగ తలెత్తదు," అంది.

ఆ మాట కూడా చెప్పాను. ఫగనీబాయి లేచి నిలబడింది. తొండం ముందు వదిలిన తెల్ల చోటు ఆకాశం కోసం పెట్టుకున్నానని, ఆకాశం లేకపోయినా పరవాలేదని, అక్కడ వెదురు పెడతానని చెప్పింది.

"పెట్టుకోనీ," అంది అవ్వ. "నేనైతే మూట కట్టేసినా."

మరుసటి రోజే మంగళవారం. పొద్దున ఫగనీబాయి తొండం ముందు నుంచి గోడ కొసదాకా వెదురు గెడలు బొగ్గుతో గీసింది. ఒక గెడ నింపిందో లేదో వాన వచ్చింది. మే నెల వాన, గాలి ఎక్కువ, నీళ్లు తక్కువ. ఇద్దరం రంగు డబ్బాలు వరండాలోకి లాక్కుపోయాం. రంగు ఆరిన జంతువులకు ఏమీ కాలేదు గానీ బొగ్గు గీతలు, తడి ఆరని ఆ గెడ కారిపోయాయి. గోడ ఆరేదాకా కూర్చున్నాం. ఆరేసరికి పొద్దు వాలింది. ఏనుగుకు కన్ను కూడా ఇంకా పెట్టలేదు. ఆమె కన్ను పెట్టింది. కింది వైపు, తొండం ముందు ఏముందో చూస్తున్నట్టు పెట్టింది. తరువాత కుంచె, ఆకుపచ్చ డబ్బా, నల్ల డబ్బా నా ముందు పెట్టి, "మిగిలింది నీ చేయి," అని చెప్పి స్నానానికి పోయింది.

నేను గెడలు మళ్లీ గీసుకున్నాను. నాకు వెదురు తెలిసింది బుట్టలు, తట్టలు, నిచ్చెన. నిలబడి ఉన్న వెదురు పొదను నేను సరిగా చూడలేదు. కణుపులు దగ్గర దగ్గరగా వేసి, ఆకులు పొడుగ్గా పెట్టాను. మధ్యలో మెలికలు తిప్పాను. తొందరలో రెండు గెడలు అయ్యాయి.

బస్సు మలుపులో హారన్ కొట్టింది. అది మా ఊళ్లో ఆగి, ఇంజను ఆపకుండానే వెనక్కి తిరుగుతుంది. ఫగనీబాయి సంచీలు మా నాయన మోసుకుని పోతున్నాడు. ఆమె గోడ మొదటి నుంచి కొసదాకా ఒకసారి చూసుకుంటూ నడిచింది. నా తల మీద చేయి పెట్టి పోయింది. ఆమె వెనక అవ్వ. పెరటి తట్టునుంచి వచ్చింది. కొంగు తల మీదుగా కప్పుకుని, మూట చంకలో పెట్టుకుని, గోడ తట్టు చూడకుండా నేల చూసుకుంటూ వస్తోంది. నాకు ఏదైనా చెప్పాలనిపించింది. వేసిన ఆకు మీదే మళ్లీ కుంచె తిప్పాను.

అవ్వ నా దగ్గరికి వచ్చి ఆగింది, పోయొస్తానని చెప్పడానికి. అప్పుడు గోడ మీద నేను వేసింది చూసింది.

"ఏంది అది?"

"వెదురవ్వా."

"అది వెదురా?"

"వెదురే."

"సెరుకుమే అది," అంది అవ్వ. "ఎవురు సూసినా సెరుకంటారు. ఏనుగ ముందర సెరుకు పెడితివా? రాగుల కోసం వచ్చేవి రెండైతే సెరుకుకు అడివంతా దిగుతాది."

అవ్వ మూట కింద పెట్టింది.

"వెదురు కణుపు ఇంత దూరం ఉంటాది, సూడు," అని గోడ మీద జానతో కొలిచింది. "ఆకు సన్నం. కణుపు కాడ ముల్లు కొమ్మ వస్తాది, ఇట్లా అడ్డంగా. ఒక గెడ ఒంటిగా ఉండదు, పొదే. తుడుపు, తుడుపు."

పాత గుడ్డ తడిపి నా రెండు గెడలూ తుడిచాను. పూర్తిగా పోలేదు. అవ్వ కుంచె తీసుకోలేదు. ఆకుపచ్చ డబ్బాలో చూపుడు వేలు ముంచి, ముగ్గు పోసినట్టు కింద నుంచి పైకి లాగింది. తల మీది కొంగు జారి భుజం మీద పడింది.

బస్సు దగ్గర నుంచి మా నాయన అరిచాడు. "మా, బస్సు తిరిగింది. రా బిన్నా."

అవ్వ ముల్లు కొమ్మ వేస్తోంది.

నాయన గోడ దగ్గరికి వచ్చాడు. "చాటింపు అయితే ఇంక కదిలేదానికి లేదు మా. తరువాత నన్ను అనొద్దు."

"సెరుకు పెట్టి పొమ్మంటావా?" అంది అవ్వ, అతని తట్టు చూడకుండా.

నాయనకు ఏమీ అర్థం కాలేదు. నా మొహం చూశాడు. "చెరుకు మాదిరి వచ్చింది నాయనా," అన్నాను. కండక్టరు విజిల్ వేశాడు. నాయన రెండు చేతులూ ఎత్తి పొమ్మన్నట్టు ఊపాడు. బస్సు మా పక్కగా పోతుంటే కిటికీలోంచి ఫగనీబాయి తల బయట పెట్టి, అవ్వ వేళ్లను చూసింది. తన చూపుడు వేలు ఎత్తి చూపించింది. బస్సు మలుపు తిరిగింది.

పొద్దు గుంకే లోపల డప్పు మొదలైంది. ముందు ఈశ్వరప్ప, వెనక డప్పులవాళ్లు, పొలిమేర చుట్టి మా వీధిలోంచి వచ్చారు. ఈశ్వరప్ప గోడ దగ్గర ఆగాడు.

"ఏం బయ్యక్కా, పుంగనూరు పోలేదా?"

"పని పడింది."

"ఈ వయసులో బడికి వచ్చినావా?"

"నువ్వు రాలేదు కదా సిన్నప్పుడు, నీ బదులు వచ్చినా," అంది అవ్వ. డప్పులవాళ్లు నవ్వారు. ఈశ్వరప్ప కూడా నవ్వి ముందుకు పోయాడు.

గోడ కనబడని వేళ దాకా అవ్వ వేస్తూనే ఉంది. పొద చిక్కగా అయ్యింది. ఏనుగు తొండం కొస ఆకుల్లో కలిసిపోయింది. నేను వేసింది గెడల మధ్య చుక్కలు మాత్రమే. ఇద్దరం లేచాం. అవ్వ చేతులు రెండూ మోచేతుల దాకా ఆకుపచ్చ రంగు. పచ్చబొట్లు కనబడలేదు. మూట నేను తీసుకున్నాను. అవ్వ నేరుగా సందు దాటి, ముందు వాకిలి ముందు నిలబడి, "తలుపు తొయ్యిమే. చేతులకు రంగుండాది," అంది. తోశాను. లోపలికి పోయింది.

జాతరకు అంబలి కుండ అవ్వే ఎత్తింది. వేళ్ల సందుల్లో రంగు అప్పటికీ పోలేదు.

ఆ ఏడు రాగులు కోతకొచ్చినప్పుడు ఏనుగులు మళ్లీ వచ్చాయి. మా చేను వదిలి ఈశ్వరప్ప చేలో పడ్డాయి. మనుషులకు ఏమీ కాలేదు. పొద్దున ఈశ్వరప్ప వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"బయ్యక్కా, నీ వెదురు చాల్లేదు," అన్నాడు.

"చాల్లేదు. జాస్తి వేయాల," అంది అవ్వ.

ఇప్పటికి మూడేళ్లయింది. నేను కుప్పంలో ఇంటర్ ముగించాను. ప్రతి ఏడూ జాతరకు ముందు గోడలకు సున్నం కొట్టేటప్పుడు అవ్వ బడి దగ్గర కూర్చుని, బొమ్మల మీద చుక్క పడకుండా చూస్తుంది. సున్నం ఆరాక ఒక డబ్బా రంగు తెమ్మంటుంది. ఏనుగు ముందు చోటు ఎప్పుడో నిండిపోయింది. వెదురు గోడ మూల తిరిగి, బడి వెనక తట్టుకు, వంక కనబడే తట్టుకు పోతోంది.